వింటినారి మోతలో జామెట్రీ

1961 ప్రాంతం. యాడికి హైస్కూల్లో నేను లెక్కల మాస్టర్ని. వానలు మొహం చాటేసిన ఏడాది. మధ్యాహ్నాలు ఊరంతా కళ్లు తెరుచుకునే కలగంటున్నట్టుండేది. అనంతపురంలో హైస్కూలు పిల్లలకు లెక్కల పోటీ పెడుతున్నారని కబురొచ్చింది. నాకు తోచిన పేరు ఒక్కటే, దూదేకుల ఖాసిం కూతురు మస్తానమ్మ.

ఖాసిం ముందే తేల్చేశాడు. "ఫస్టొస్తే పైకి సదివిస్తా సార్. లేకుంటే ఈడనే పరుపులు కుట్టుకుంటా ఉంటాది."

పోటీలో బట్టీ పట్టిన లెక్కలు ఇవ్వరు. లోకస్ మీద ఎక్కువ అడుగుతారు. అంటే ఒక షరతుకు కట్టుబడి నడిచే బిందువు గీసే దారి. సాయంత్రాలు వాళ్లింటికే వెళ్లి చెప్పేవాణ్ని. పక్కనే ఖాసిం వింటినారిని కొయ్యసుత్తితో కొడుతూ దూది ఏకేవాడు. టంగు టంగుమని మోగేది. దూదిపింజలు లేచి నీరెండలో తేలేవి. మస్తానమ్మ వాటినే చూస్తూ చూస్తూ, "ఆ బిందువు సుట్టు తిరిగి మళ్లా ఈడికే వస్తాది సార్" అనేది. ప్రూఫ్ రాయకముందే దారి కనబడేది ఆ పిల్లకు. అదే బడిలో పరీక్ష పెడితే తెల్లమొహం వేసేది. నాకు ఒళ్లు మండి బెత్తం తీసేవాణ్ని.

"ఇంట్లో అంత బాగా చేస్తావు, ఈడ ఏమైతాది నీకు?"

"తెలీదు సార్, ఏమీ తోచదు."

పోటీ రోజున మాతోపాటు ఖాసిం కూడా విల్లు భుజాన వేసుకుని అనంతపురం వచ్చాడు, టౌనులో పనేమన్నా దొరుకుతుందని. పోటీ జరిగే స్కూల్లో గంట కొట్టారు. కాసేపాగి కిటికీలోంచి చూశాను. పెన్ను పట్టుకుని మస్తానమ్మ గాలిలోకి చూస్తోంది, ఏదో వెతుకుతున్నట్టు. కాగితం తెల్లగా ఉంది. ఆ చూపు ఎక్కడ చూశానా అని ఆలోచిస్తే, వాళ్లింట్లోనే. ఇక్కడ లేనిదల్లా ఆ మోత.

గేటు దగ్గర వాచ్‌మన్‌ను బతిమాలి అట్టకట్టిన అతని దిండు తెచ్చి, కిటికీ బయట కూర్చున్న ఖాసిం ముందు వేశాను.

"ఖాసిమూ, ఇది ఏకప్పా."

"ఈడనా? తిడతారు సార్."

"తిట్టేది నన్నేలే. కొట్టు."

టంగుమంది. పింజలు కిటికీ వైపు సాగిపోయాయి. మస్తానమ్మ తల వంచి రాయడం మొదలుపెట్టింది. ఆ స్కూలు హెడ్మాస్టరు బయటికొచ్చి, "ఎవరప్పా ఆ మోత?" అన్నాడు. "వాచ్‌మన్ దిండు సార్, మరీ గట్టిపడింది" అన్నాను. ఆయన నా వంక ఒక మాదిరిగా చూసి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఫలితం చెప్పారు. సెకండు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. బస్టాండులో ఖాసింతో ఉన్నమాట చెప్పేశాను.

"నీ వింటి మోత లేకుంటే నీ బిడ్డకు లెక్క తోచదప్పా. అందుకే కొట్టించినా."

అతను నారిని వేలితో తడిమాడు. మస్తానమ్మ నేలచూపులు చూస్తోంది.

"నా పని దాని సదువుకు అడ్డమనుకుంటాంటి సార్ ఇన్నాళ్లూ" అన్నాడు. "సదవనీ. యాడ సదివితే ఆడికే పోయి ఏకుతా."

ఆ తర్వాత ఎవరికి లెక్క రాకపోయినా, ఇంట్లో ఎక్కడ కూర్చుని చేస్తావు, పక్కన ఎవరుంటారు అని ముందు అడిగేవాణ్ని. బెత్తం అవసరం నాకు మళ్లీ పెద్దగా పడలేదు.