ఆఖరి గుంట దగ్గర నేను లేను

ఈ సంగతి ఇంట్లో ఎన్నిసార్లు ఎత్తినా ఎవరూ జవాబు చెప్పలేదు. నా భార్యను అడిగితే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచిపోయింది. కోరుట్లకు పోయి బామ్మర్దిని అడిగితే చాయ్ తెప్పించి, నూలు ధర ఎట్లుందని నన్నే ఎదురు అడిగాడు. జగిత్యాలలో బిడ్డ ఇంటికి పోయి అడిగితే అల్లుడు టీవీ గొంతు పెంచాడు, బిడ్డ వంటింట్లోకి పోయింది. సిరిసిల్లలో నలుగురికి పని ఇచ్చే మనిషిని, ఒక్క మాట కోసం ఇన్ని గడపలు తిరగడం సిగ్గుగానే ఉంది. అయినా ఊరుకోను. నోటితో అడిగితే వినలేదు కాబట్టి రాస్తున్నాను.

మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, చాలా ఏండ్లు దుబాయిలో ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే మిషన్ నడిపాడు. సెలవు రోజుల్లో అక్కడే ఆట నేర్చుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బంగారం తెస్తాడని అందరూ ఎదురు చూస్తే, పొడుగు సంచీ నిండా ఇనుప కర్రలు తెచ్చాడు. తన కొత్తిల్లు పండుగ నాడు సొంత బావనైన నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టింది ఈయనే. దాని గురించి ఇక్కడ ఎత్తను.

వరి కోతలు అయ్యాక కోరుట్ల బయట ఎండిన మళ్లలో ప్రతి ఆదివారం మాకు ఆట నేర్పేవాడు. బిడ్డ, అల్లుడు జగిత్యాల నుంచి బండి మీద వచ్చేవారు. నేనూ నా భార్యా సిరిసిల్ల నుంచి బస్సెక్కేవాళ్లం. వరి కొయ్యల్లో బంతి పోతే కొంగల్లా వంగి అందరం వెతికేవాళ్లం. ఒకసారి దారిన పోతున్న రైతు ఆగి, “ఎలుకలను కొడుతున్నరా ఏంది?” అని అడిగాడు. బామ్మర్ది చాలాసేపు వివరించాడు. అంతా విని, “మందు వెడితె అయిపోతయి గదనే” అని ఆయన సైకిలెక్కాడు.

నేను కొట్టిన బంతి ఎన్నడూ దూరం పోలేదు. కానీ చిన్న కర్రతో మెల్లగా దొర్లించి గుంటలో వేయడం మాత్రం నాకు కుదిరింది. తెగిన పోగును ముడి వేసే చెయ్యికి అదేమంత కష్టం కాదు. కరెంటు పోయినప్పుడు మా మగ్గాల షెడ్డులో రెండు వరుసల నడుమ, గచ్చు మీద చాయ్ గ్లాసు పడుకోబెట్టి బంతిని అందులోకి దొర్లించేవాణ్ని. అది చూసి బామ్మర్దే మాటిచ్చాడు. “హైదరాబాద్ పోయిననాడు ఆఖరి గుంట నీదే బావా. మేం అందాక తెస్తం, నువ్వు ఏసుడే.”

హైదరాబాదులో బామ్మర్ది చెప్పిన గోల్ఫ్ మైదానానికి పెద్ద పేరు. సభ్యులే కానక్కరలేదు, ఎవరైనా టికెట్ కట్టి ఆడొచ్చు. కానీ బండరాళ్లు, నీటి మడుగులు, మెలికలు తిరిగే దారి, ఆరితేరినవాళ్లు కూడా తడబడతారని చెప్పారు. కాలరున్న బనీను, కొత్త బూట్లు కొనుక్కున్నాను. ఆనాడు కిరాయి కారులో ఐదుగురం పోయాం. బూట్లు కరిచినా ఎవరితోనూ అనలేదు.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. మరమగ్గాలను మేము సాంచాలంటాం. అవి నడిచేచోట మామూలు మాట వినపడదు. అందుకే మాకు రెండు రకాల మాటలున్నాయి. ఒకటి అరుపు. రెండోది పెదవుల మాట. గొంతు కలపకుండా పెదవులు పెద్దగా కదిలించి, చేతులతో కాస్త సాయం చేస్తే, షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు ఎంత ముచ్చటైనా చెప్పుకోవచ్చు. మా బిడ్డ చిన్నప్పుడు బడి నుంచి వచ్చి టిఫిన్ డబ్బా పట్టుకొని షెడ్డు వాకిట్లో నిలబడేది. ఏం కూర వండారో, సారు ఎందుకు కొట్టాడో, అన్నీ అక్కణ్నుంచే పెదవులతో చెప్పేది. మా పనివాళ్లు కూడా అంత శుభ్రంగా మాట్లాడేవారు కాదు.

ఆ మైదానంలో అంత నిశ్శబ్దం ఉంటుందని నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ఒక మడుగు దగ్గర అల్లుడు కొట్టిన బంతి నీళ్లలో పడింది. నా భార్య వెనక చాలా దూరంలో నడిచి వస్తోంది. ఆమెకు తెలియాలని, “నీళ్లల్ల వడ్డదే!” అని చెప్పాను. చెప్పాననే నేను అనుకున్నాను. పక్క గుంట దగ్గర ఒక పెద్దమనిషి వంగి బంతిని దొర్లించబోతున్నాడు. నా గొంతుకు ఆయన చెయ్యి అదిరి బంతి ఎటో పోయింది. తిడితే పడేవాణ్ని.  ఆయన మాత్రం టోపీ సర్దుకొని, మేము దాటిపోయేదాకా తల వంచుకొని నిలబడ్డాడు.

బామ్మర్ది ఉరికిపోయి దండం పెట్టాడు. “మా బావకు చెవులు వినవడయి సార్, ఏమనుకోకుండ్రి” అన్నాడు. నా చెవులు సాంచాల కాడ సగం పోయినమాట నిజం. ఆ మిగిలిన సగానికి ఈ మాట వినపడింది.

ఆ తర్వాత నేను గొంతు ఎత్తలేదు. నా భార్యతో ఏదైనా చెప్పాలంటే షెడ్డులోలాగే పెదవులతో, చేతులతో చెప్పాను. ఆమె కూడా అట్లాగే బదులిచ్చింది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని అనుకున్నాను. నిజానికి కొంచెం గర్వపడ్డాను కూడా, ఇంత పెద్ద మైదానంలో మా పద్ధతి పనికొచ్చిందని. మా వెనక ఆడుతూ వస్తున్న ఇద్దరు మమ్మల్ని ఒకరికొకరు చూపించుకొని నవ్వుకోవడం నేను చూడలేదు. బిడ్డ చూసింది.

తర్వాతి గుంట దగ్గర నేను ఒక బండ పక్కన నిలబడ్డాను. బిడ్డ జెండా దగ్గర ఉంది. మొగుడూ మేనమామా ఆమెకు ఎదురుగా నిలబడ్డారు, నావైపు వీపు పెట్టి. ఆమె ముఖం మాత్రం నావైపే ఉంది. అంత దూరం నుంచి గొంతు రాదు. పెదవులు కనిపించాయి.

“బాపును కారుల కూసుండవెట్టుండ్రి. నాకు సిగ్గయితుంది.”

బామ్మర్ది నా దగ్గరికి వచ్చి, నా బూట్ల వైపు చూస్తూ మాట్లాడాడు. “బావా, గీడ నలుగురి కంటె ఎక్కువ ఉండొద్దట. నువ్వు కారు కాడ జెర కూసో. ఆఖరి గుంటకు పిలుస్త.” పొద్దటి నుంచి మేము ఐదుగురమే నడుస్తున్నాం. ఆ నియమం అందాకా ఎక్కడ పడుకుందని అడగాల్సింది. అడగలేదు. సరేనని తలూపి వచ్చేశాను. బిడ్డ చెప్పిందని నాకు తెలిసినట్టు వాళ్లకు తెలియకూడదని అనిపించింది. ఎందుకు అనిపించిందో ఇప్పటికీ అర్థం కాదు. నా బిడ్డ సిగ్గుపడినందుకు నేను సిగ్గుపడ్డాను, అంతే.

కారులో కూర్చొని బూట్లు విప్పాను. పిలుస్తారేమోనని మళ్లీ తొడుక్కున్నాను. చాలాసేపటికి నలుగురూ నవ్వుకుంటూ వచ్చారు. ఆఖరి గుంట అయిపోయిందట. దారిలో చాయ్ దగ్గర ఆగినప్పుడు అల్లుడు ఫోన్లో ఫోటో చూపించాడు. చిన్న కర్ర బిడ్డ చేతిలో ఉంది. “మంచిగచ్చిందా మామా?” అన్నాడు. మంచిగొచ్చింది అన్నాను.

ఇప్పుడు షెడ్డులో కూడా నా గొంతు లేవడం లేదు. పనివాళ్లు ఏందని దగ్గరికొచ్చి అడుగుతున్నారు. పెదవులతో చెప్పబోతే ఆ ఇద్దరి నవ్వు, నేను చూడని నవ్వు, ఎదురుగా నిలబడుతోంది. దాని గురించి తర్వాత నా భార్య చెప్పింది. అదొక్కటే చెప్పింది.

రెండో పంక్తి సంగతి వదిలేస్తాను. ఆఖరి గుంట కూడా వదిలేస్తాను, అది ఎవరు వేసినా వేసినట్టే. బామ్మర్దీ అల్లుడూ జవాబు చెప్పనక్కరలేదు.

బిడ్డా, నిన్నే అడుగుతున్నాను. నీకు సిగ్గయినందుకు కోపం లేదు. ఆ మాట అన్నప్పుడు నీ ముఖం నావైపే ఉంది. బాపు పెదవులు చదువుతాడని ఈ లోకంలో అందరికంటే నీకే బాగా తెలుసు. అది మరిచిపోయి అన్నావా? నేను చదువుతానని తెలిసే అన్నావా? వంటింట్లోకి పోకు. నాకు ఎదురుగా నిలబడి చెప్పు. గొంతు ఎత్తనక్కరలేదు, పెదవులు కదిలిస్తే చాలు.