దొంగ సైటును మూయగలిగాను, కానీ...

మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న సింధు వరంగల్ నుంచి కెనడాలోని కిచెనర్‌కు చదువుకోవడానికి వచ్చింది. పార్ట్‌టైమ్ ఉద్యోగం ఇస్తామంటూ ఏదో సైటు పాస్‌పోర్ట్ కాపీ, బ్యాంకు పాస్‌వర్డ్ అడుగుతోందని ఈ రోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని పైకి వచ్చింది. చూడగానే మోసమని తెలిసిపోయింది. ఏ బ్రౌజర్‌లోనూ తెరుచుకోకుండా ఆ సైటును మొత్తం కంప్యూటర్‌లోనే బ్లాక్ చేసి, పెద్ద సాయం చేశానని పొంగిపోయాను.

సాయంత్రం మళ్లీ వచ్చింది.

"అంకుల్, ఆ ఒక్క సైటు ఓపెన్ చేస్తరా?"

"అది మోసమని చెప్పాను కదమ్మా!"

"తెలుసంకుల్. కానీ నేను అప్లై చేసినవాటిల్ల రిప్లై ఇచ్చింది వాళ్లొక్కరే. ఒకవేళ నిజమైతే?"

తెరవనని అన్నాను. సింధు తలూపి, మెట్లు దిగుతూ ఫోన్ తీసింది. అందులో అదే సైటు తెరుచుకోవడం నాకు పైనుంచే కనిపించింది.

"సింధూ!" అని కేక వేశాను.

"ఊకె చూస్తున్న అంకుల్," అంది తలెత్తకుండానే.

ఫోన్ లాక్కోలేను కదా! కిచెనర్ చుట్టుపక్కల నిజంగా పని ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి కామెంట్‌లో చెప్పండి. ఆ పిల్లకు వద్దని చెప్పడమే తప్ప, ఇదిగో ఇక్కడ అడుగు అని చూపించడానికి నాకు ఒక్క చోటూ తెలియదు.