కార్తీకంలో నల్లచొక్కా

ఆ రోజుల్లో నాకు ఎండ పడేది కాదు. ఒంటికి పడకపోవడం కాదు, కళకి పడకపోవడం. ఇరవై రెండేళ్ళ వయసులో, చేతిలో సెకండ్‌హ్యాండ్ కెమెరా, ఫోన్ నిండా ఎక్కడెక్కడి దేశాల గోతిక్ ఫొటోలూ పెట్టుకుని, మంచి ఫొటో అంటే చూసినవాడికి వెన్నులో చలి పుట్టాలని గట్టిగా నమ్మినవాణ్ణి. నాకు కావలసినవి పాడుబడ్డ కోటలు, పొగమంచు, కాకులు, సమాధుల మీద నాచు. దేవుడు నన్ను పుట్టించిందేమో మండపేటలో. ఎటు చూసినా పచ్చటి చేలు, రైసు మిల్లులు, ధాన్యం లారీలు, ఆ లారీల ముందు వేలాడే నిమ్మకాయలు. (ఆ నిమ్మకాయల్నే బ్లాక్ అండ్ వైట్‌లో తీసి ‘శాపం’ అని పేరు పెట్టి ఇన్‌స్టాలో పెడితే, మా బాబాయి కింద ‘లారీ ఎవరిదిరా, లోడు ఎక్కడికి?’ అని కామెంటు రాశాడు.) మా డెల్టా జనాన్ని భయపెట్టడం ఎంత కష్టమో ప్రయత్నించినవాడికే తెలుస్తుంది.

కళకి తగ్గట్టే వేషం. నల్లచొక్కా, నల్లప్యాంటు, గుబురు గడ్డం, మెడలో నల్లపూసల గొలుసు, దాని చివర వెండిరంగు పుర్రె, కాళ్ళకి బరువైన నల్లబూట్లు. మొహం పాలిపోయినట్టు కనబడాలని నుదుటి మీద రెండుపాళ్ళు ఎక్కువ పౌడరు. ఇది చాలదన్నట్టు గోళ్ళకి నల్లరంగు కూడా వేశాను. చేతిగోళ్ళకి వేస్తే అన్నం పెట్టనని మా అమ్మ తెగేసి చెప్పింది కాబట్టి, కళకీ కడుపుకీ రాజీ కుదిర్చి కాలిగోళ్ళకి వేసుకున్నాను. అమ్మ మొదట్లో మంగళవారం నలుపేంట్రా అనేది, తర్వాత శుక్రవారం నలుపేంట్రా అంది, వారాలన్నీ అయిపోయాక విసుగొచ్చి ఊరుకుంది. వీధిలో పిల్లలు నన్ను దెయ్యాలన్నయ్య అనేవారు. వాళ్ళు వెక్కిరిస్తున్నారని తెలిసినా లోపల పొంగిపోయేవాణ్ణి.

ఆ ఏడు బెంగళూరులో కొందరు ఫొటోగ్రాఫర్లు కలిసి చీకటి ఫొటోలకి పోటీ పెట్టారు. పది ఫొటోలు పంపాలి. నచ్చితే ఆరునెలలు తమ దగ్గర ఉంచుకుని పని నేర్పుతారు. నా బతుకంతా ఆ పది ఫొటోల మీదే ఉందని నాకు రవ్వంత కూడా సందేహం లేదు. తొమ్మిది తయారుగా ఉన్నాయి. పదోది ఎక్కడ తీయాలో కూడా తెలుసు. పిఠాపురం దగ్గర పొలాల మధ్య ఒక పాత మేడ ఉంది, బస్సులోంచి చూసి మనసు పారేసుకున్నాను. వెనక రెండు గదుల్లో రిటైరైన హెడ్‌మాస్టారూ, ఆయన భార్యా ఉంటారనీ, ముందు భాగం ఏళ్ళ తరబడి తాళం వేసి ఉందనీ, లోపల గుండ్రంగా తిరిగే చెక్కమెట్లు ఉన్నాయనీ వాకబు చేశాను. నంబరు సంపాదించి రెండుసార్లు ఫోన్ చేస్తే మాస్టారు రెండుసార్లూ కుదరదన్నారు. అందులో చూడ్డానికి ఏముందండి, గబ్బిలాలు తప్ప, అని ఫోన్ పెట్టేశారు. గబ్బిలాలన్న మాట విన్నాక ఇక నన్నాపడం ఎవరి తరం? గడువు రెండు రోజులుందనగా, మనిషి ఎదురుగా నిలబడితే కాదనలేరులే అన్న ధైర్యంతో బయల్దేరాను.

అది కార్తీకమాసం. మాసాలూ తిథులూ చూసే అలవాటు నాకు లేదు కాబట్టి, బస్సెక్కగానే కండక్టరు నన్ను చూసి ‘స్వామీ, ఇలా ముందుకి రండి’ అనేదాకా నాకా సంగతి తట్టలేదు. అయ్యప్ప దీక్ష తీసుకున్నవాళ్ళు నలభై ఒక్క రోజులు నల్లబట్టలు కట్టి, గడ్డం పెంచి, చెప్పుల్లేకుండా తిరుగుతారు. కార్తీకంలో మా వైపు ఏ వీధిలో చూసినా వాళ్ళే. వాళ్ళని చిన్నా పెద్దా అందరూ స్వామీ అనే పిలుస్తారు. నా నుదుటి పౌడరు చెమటకి చారలు కట్టి విభూతిలా తయారైంది. పుర్రె చొక్కాలోకి జారిపోయింది, ఇక బూట్లొక్కటే తేడా, అవి ఆ జనంలో ఎవరికీ కనబడలేదు. పదకొండు నెలలు పిచ్చివాణ్ణి చేసిన నల్లచొక్కాకి పన్నెండో నెలలో దండాలు. నేను స్వామిని కాదండీ అని చెప్పబోయాను. (నిజంగానే చెప్పబోయాను.) ఇంతలో ఒకాయన లేచి కిటికీ పక్క సీటు ఇచ్చాడు. కూర్చున్నాను.

బస్సు దిగి పొలం గట్టెక్కితే, రాత్రి పడ్డ వానకి గట్టంతా బురద. నాలుగడుగులకి బూట్లు బురదలో దిగబడిపోయాయి. విప్పి, ఒక కవర్లో చుట్టి బ్యాగులో పెట్టుకుని, ప్యాంటు పైకి మడిచి ఉత్త కాళ్ళతో మేడ చేరేసరికి పన్నెండు కావస్తోంది. వాకిట్లో ఒక పెద్దావిడ వడియాలు తిరగేస్తోంది. తలెత్తి నన్ను చూసి, గబగబా చెంగు సర్దుకుని, లోపలికి కేకేసి మాస్టార్ని పిలిచింది. కార్తీకంలో ఒక స్వామికి భిక్ష పెడతానని ఆవిడ మొక్కుకుందట. ఈ పొలాల్లోకి ఏ స్వామి వస్తాడని దిగులు పడుతూ, ఆ రోజు వంట చేసి ఊళ్ళోకి కబురు పంపుదామా వద్దా అని ఆలోచిస్తోందట.

"పిలవకుండానే మీరే వచ్చారు స్వామీ" అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుంది కూడా.

ఫోన్‌లో నన్ను కసిరిన మాస్టారు చేతులు జోడించి నిలబడ్డారు. డెబ్భై దాటినవారు, ఎండుకట్టెలా ఉన్నారు. నేను ఏం చేశానంటారా? ముందు భాగం ఒకసారి చూడొచ్చాండీ అన్నాను, కెమెరా బ్యాగు తడుముకుంటూ. నేను అబద్ధమేమీ ఆడలేదే, అడగనిదానికి జవాబు చెప్పడం ఏం మర్యాద, అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆయన ఒక్క ప్రశ్న వేయకుండా తాళంచెవుల గుత్తి తెచ్చి తలుపు తీశారు.

లోపల నేను కలలు కన్నదంతా ఉంది. ఊడిన పెంకుల సందులోంచి ఒక్కటంటే ఒక్క ఎండకడ్డీ దిగి సరిగ్గా మెట్ల వంపు మీద పడుతోంది. దుమ్ము అందులో లేచి తిరుగుతోంది. పైన గబ్బిలాలు తలకిందులుగా, చెప్పినట్టు విని కూర్చున్న బడిపిల్లల్లా ఉన్నాయి. ఇరవై ఫొటోలు తీశాను. ఏడోదాన్ని మళ్ళీ మళ్ళీ పెద్దది చేసి చూసుకున్నాను. బెంగళూరు ఇక నాదే.

భోజనానికి రమ్మన్నారు. గుమ్మం దగ్గర పీట, ఇత్తడి పళ్ళెం, చెంబుతో నీళ్ళు. భిక్షకి కూర్చునే ముందు స్వామి కాళ్ళు కడగడం వాళ్ళ ఆనవాయితీ. నేను వద్దంటున్నా వినకుండా మాస్టారు గోడ పట్టుకుని, మోకాళ్ళు పట్టేసి ‘అమ్మా’ అనుకుంటూ, నెమ్మదిగా వంగి కింద కూర్చున్నారు. నా పాదం పళ్ళెంలో పెట్టి బురద కడిగారు. బురద పోయాక వేళ్ళు బయటపడ్డాయి. ఆయన కాసేపు చూసి, భార్య వైపు తిరిగారు.

"చూశావా, గోళ్ళన్నీ కమిలి నల్లబడిపోయాయి. ఎంత దూరం నడిచొచ్చారో పాపం."

అని, బొటనవేలు నొప్పెట్టకుండా మెల్లగా నిమిరారు.

శ్మశానాల్లో ఒంటరిగా తిరిగినవాణ్ణి, పాములున్న మిల్లులో పడుకుని ఫొటోలు తీసినవాణ్ణి, నాకు అప్పుడు భయమేసింది. సిగ్గు కూడా వేసింది, కానీ ముందు వచ్చింది భయమే. కాలు వెనక్కి లాక్కున్నాను.

"నేను స్వామిని కాదండి మాస్టారూ. అది దెబ్బ కాదు, రంగు."

ఆయన్ని రెక్క పట్టుకుని లేపాను. బ్యాగులోంచి బూట్లు తీసి చూపించాను, చొక్కాలోంచి పుర్రె తీసి చూపించాను, ఫోన్ చేసి విసిగించినవాణ్ణి నేనేనని చెప్పాను. మరి నలుపెందుకు కట్టావని అడిగారు (మీరు పోయి నువ్వు వచ్చింది, అది న్యాయమే). దెయ్యాలు, చీకటి, అందులో అందం అంటూ నాకు తెలిసిందంతా చెప్పాను. బెంగళూరు సంగతీ చెప్పాను. పెద్దావిడ దగ్గరకొచ్చి పుర్రెని వేలితో తిప్పి చూసి, శివయ్య మెళ్ళో ఉండేదేగా, దీనికింత దాపరికం ఎందుకూ అంది. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"తీసినవన్నీ చెరిపెయ్" అన్నారు.

ఆయన చూస్తుండగానే చెరిపాను. ఏడోది దగ్గర వేలు ఆగింది. ఆయన ఎదురుచూశారు. అదీ చెరిపేశాను.

"ఇప్పుడు అడుగు."

"మీ ఇంట్లో ఫొటోలు తీసుకోవచ్చాండీ?"

"అన్నం తిని తీసుకో" అన్నారు, బడిలో లెక్క సరిచేసినట్టుగా.

నేను తినకుండా వెళ్ళిపోదామనుకున్నాను. మొక్కు దేవుడిది, ఆకలి నీది, కూర్చో అని ఆవిడ విస్తరేసింది. ఉల్లీ వెల్లుల్లీ లేని పప్పు, గుమ్మడికాయ పులుసు, పరమాన్నం. మొదటి ముద్ద మొహమాటంగానే కలిపాను, తినడం మొదలెట్టాక మాత్రం మూడుసార్లు పెట్టించుకున్నాను. తిని మళ్ళీ లోపలికి వెళ్తే ఎండకడ్డీ లేదు. సూర్యుడు పక్కకి జరిగిపోయాడు. మెట్లు మామూలు మెట్లలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పికి మాస్టారు వాటి మీదే కూలబడి, తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూస్తున్నారు. ఉన్న మసక వెలుతుర్లో ఆయన్నే తీసి పంపాను.

బెంగళూరు వాళ్ళు మర్యాదగానే జవాబు రాశారు. తొమ్మిది ఫొటోలు బాగున్నాయట, పదో దాంట్లో భయం లేదట. నిజమే, ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో భయపడ్డవాడు ఒక్కడే, వాడు కెమెరా వెనక ఉన్నాడు. రెండు రోజులు అన్నం మానేశాను. (మూడో రోజు అమ్మ చేపల పులుసు పెట్టింది.) ఇప్పుడు రాజమండ్రిలో పెళ్ళిఫొటోలు తీసుకుంటున్నాను. ఇంకాస్త వెలుతురు పెట్టండి బాబూ అని పెళ్ళికూతుళ్ళ తల్లులు మొత్తుకుంటూనే ఉంటారు. మాస్టారి ఫొటో మా స్టూడియో గోడ మీద ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ గడ్డం, ఆ పౌడరు, ఆ గోళ్ళు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఆ నల్లచొక్కా కుర్రాడు చేసిన పనుల్లో పనికొచ్చేవి పెద్దగా లేవు గానీ, ఆ రోజు కాలు వెనక్కి లాక్కున్నాడు చూడండి, అందుకు మాత్రం వాడంటే నాకు ఇప్పటికీ ఇష్టం.