మొదటి పోస్టరు వెనక సంతకం

ఇరవై ఏళ్లుగా గోడలకు పోస్టర్లు అంటిస్తున్న ఆయనకు ఒక పట్టింపుంది. కట్టలోని మొదటి పోస్టరు వెనక ఆఫీసువాళ్లు సంతకం పెట్టందే బకెట్లో జిగురు కలపడు.

ఓటీటీ కంపెనీ కొత్త సిరీస్ ప్రచారానికి "పాప కనబడుటలేదు" అని ఉత్తుత్తి పోస్టర్లు వేయించింది. ఆస్పత్రి గోడ మీద అవి చూసి, నిజంగానే బిడ్డలు తప్పిపోయిన తల్లులు వచ్చి కంపెనీ గేటు ముందు బైఠాయించారు.

"ఆస్పత్రి గోడకు నీ అంతట నువ్వే అంటించావని రాసివ్వు పెద్దాయనా. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు," అన్నాడు కంపెనీ మేనేజరు, ఆయన్ను లోపలికి పిలిచి.

"అంటించింది నేనే సార్. అంటించమన్నది మీరు కదా."

ఆయన సంచిలోంచి ఆ కట్టలోని మొదటి పోస్టరు తీసి మడత విప్పాడు. వెనక 'ఆస్పత్రి గోడ' అని మేనేజరు చేతిరాత, కింద సంతకం.

మేనేజరు చెయ్యి చాచాడు. ఆయన పోస్టరు మళ్లీ మడిచి, గేటు వైపు నడిచాడు.