తప్పు వాగుది కాదు

పోయిన ఏడు నేను వాగు మీద ఒక నింద వేశాను. మళ్లీ వానలు దగ్గరపడుతున్నకొద్దీ నాకు అన్నం సహించడం మానేసింది.

నూజివీడులో మాది మామిడికాయల వ్యాపారం. ముసునూరు వైపు ఒక తోట ఉంది. పూత వచ్చినప్పుడు తోటలోకి వెళతాం, కోతలయ్యాక మళ్లీ ఆ వైపు చూడం. అంటే ఆ నేలను నేనెప్పుడూ ఎండల్లోనే చూశాను. తోట దిగువన, వాగు పక్కనున్న పల్లంలో మా కాపలా అతన్ని ఇల్లు కట్టుకోమన్నది అలా చూసే.

చోటు చూపించిన రోజు అతని భార్య ఒక తుంగ మొక్క పీకి నాకు చూపించింది.

“బాబుగారండీ, ఇంత ఎండలో ఇది పచ్చగా ఉందంటే అడుగున ఊట ఉన్నట్టేనండీ.”

“మంచిదేగా, చాపలల్లుకో,” అన్నాను. ఆమె భర్త పడీ పడీ నవ్వాడు.

శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. ఇంట్లోకి నీళ్లొచ్చి వెనక గోడ కూలింది. అదృష్టం, ఇద్దరూ బయట ఉన్నారు. నేను వెళ్లేసరికి వాగులో ఎర్రనీరు పారుతోంది, గట్టు మాత్రం దాటలేదు. ఇంట్లో నీరు తేటగా, చల్లగా, పొయ్యి కింద నుంచి బుడబుడమంటూ వస్తోంది. వాగు పొంగితే ఒండ్రు మిగలాలి. ఇక్కడ ఒండ్రు లేదు. తోట మెరకలో ఇంకిన వానంతా ఈ పల్లంలో పైకి తేలుతోంది. చూడగానే తెలిసింది. అయినా జనం అడిగితే, “వాగు పొంగిందండీ, ఎవరేం చేస్తారు?” అన్నాను.

వాళ్లు చుట్టాలింట్లో తలదాచుకున్నారు. మొన్న వెళితే అతను అదే చోట మళ్లీ గోడలు లేపుతూ, వాగు వైపు రాతికట్ట కడుతున్నాడు.

“ఈసారి వాగు కాదండీ, దాని బాబొచ్చినా లోపలికి రాదు!”

ఆ కట్ట ఉంటే ఊటనీరు బయటికి పోయే దారి కూడా ఉండదు. ఉన్నదంతా చెప్పేశాను.

అతను చేతిలో రాయి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమె మాత్రం, “నాకు తెలుసండీ. ఏడాది నుంచీ చెప్తున్నా. బాబుగారి కంటే నీకెక్కువ తెలుసా అంటాడీయన,” అంది.

తోట పైకొసన మెరక ఇస్తానన్నాను.

“దాన్ని వానల్లో ఎప్పుడైనా చూశారాండీ?” అందామె.

చూడలేదు. అదే చెప్పాను. ఈ వానలు వెళ్లేదాకా ఊళ్లో మా గోడౌన్ పైగదిలో ఉండమన్నాను. ముసురు పట్టగానే వస్తాను, ఆ మెరకంతా నువ్వే నడిచి చూపించమ్మా అన్నాను. ఆమె ముందుకొచ్చి భర్త చేతిలోని రాయి అందుకుని కింద పెట్టింది.