పొదుగుకు రాసే నూనె

మదనపల్లెలో కాన్పయి పుంగనూరులోని మా ఇంటికి వచ్చిన ఐదో రోజుకే నా కూతురు బిడ్డను చూసి జడుసుకోవడం మొదలుపెట్టింది. చనుమొనలు రెండూ పగిలాయి. వాడు నోరు పెట్టగానే పళ్లు కొరుక్కుని కాళ్లు నేలకేసి తన్నేది.

"పాలిచ్చేదానికి ఇంత ఆర్భాటమా? నేను ముగ్గురికి ఇచ్చినా. ఒక్కనాడన్నా కుయ్యిమన్నానా?" అన్నాను.

"నీది తోలు కాదుమా, టైరు" అంది.

బిడ్డ నోరు బాగా తెరిచినప్పుడు పెట్టాలనీ, మొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలనీ ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పే పంపింది. నేను నవ్వాను. నేను చదివింది మూడో తరగతి. పాలెట్లా తాగాలో దూడకు ఆపాటి చదువు కూడా లేదు గదా! ఆ మాటను ఆస్పత్రి మంచం కిందే వదిలేసి వచ్చాను.

శనివారం పొద్దున కూతురు కుప్పంలో ఉన్న మొగుడికి ఫోన్ చేసి, సాయంత్రం వచ్చేటప్పుడు డబ్బాపాలు తెమ్మంది. అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించి వాడే ఇల్లు మాది. రొమ్ము నిండా పాలు పెట్టుకుని, అంగట్లో పిండి కొని నీళ్లలో కలపడమా!

ఆవుల కొట్టంలోకి పోయి వేపనూనె సీసా తెచ్చాను. ఆవు చన్ను పగిలితే నేను రాసేది అదే. ఏ ఆవూ నన్ను ఇంతవరకూ తప్పుపట్టలేదు. కూతురు వద్దంటున్నా రెండు పక్కలా పట్టించాను.

బిడ్డ మూతి ఆనించాడో లేదో, ముసలోడిలా మొహం ముడుచుకుని తల తిప్పేశాడు. అప్పుడు తట్టింది నాకు. నడిచే బిడ్డలకు పాలు మాన్పించడానికి మేము రొమ్ముకు పూసేది వేపాకే. డబ్బాను ఆపబోయి, పురిటి బిడ్డకు పాలు మాన్పించబోయాను.

కూతురు నర్సమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టి, నూనె సంగతి చెప్పింది.

"ఎవురమ్మా రాసింది?"

"మాయమ్మే. ఆవుల డాక్టరు."

"అవ్వా, ఆ నూనె పసిబిడ్డ కడుపులోకి పోతే ప్రాణానికే ముప్పు! నాకినాడా?"

"లేదుమా, మూతి తిప్పుకున్యాడు" అన్నాను.

"వాని మూతి తుడువు. నూనె రాసినకాడ సబ్బుతో బాగా కడుగు. వాంతి చేసుకున్యా, మత్తుగా ఉన్యా వెంటనే ఎత్తుకోని రండి. ఇంకేమీ పూయొద్దు. తాపినాక తల్లి పాలే రెండు చుక్కలు మొనలకు రాసి ఆరనీ."

కూతురు కడుక్కుని వచ్చేసరికి బిడ్డ ఆకలికి ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు. కొండనాలుక కనిపించేంత నోరు.

"మ్మే, తెరిచినాడు సూడు! ఇప్పుడే పెట్టు, నల్లదంతా పోనీ!" అని అరిచాను. మంచం కింద వదిలేసిన మాట నా నోట్లోంచే వచ్చింది.

కూతురు కళ్లు గట్టిగా మూసుకుని బిడ్డను దగ్గరికి లాక్కుంది. కాళ్లు తన్నలేదు. గుటకలు వినిపించాయి. కాసేపటికి ఒక కన్ను తెరిచింది.

"మంట ఉండాది. కానీ ఓర్చుకోవచ్చుమా." నా వైపు తిరిగి, "నిజం చెప్పు, నీకు నొప్పి లేదా?" అంది.

"యాల లేదు? నువ్వు తాగతాంటే కొంగు కొరికి కొరికి చిల్లులు పడె. ఆ చీర చింపి నీకే గుడ్డలు చేసినా."

అది నవ్వేసరికి బిడ్డ నోరు జారింది. నవ్వొద్దని కసిరాను.

అల్లుడు డబ్బా తెచ్చాడు. రెండు రోజులు దాని మూత తీసే అవసరమే రాలేదు. సోమవారం పొద్దున బిల్లుతో సహా అతని సంచిలో పెట్టి, కొన్న అంగట్లోనే తిరిగి ఇచ్చేయమన్నాను. నూనె సీసాను కూతురే తీసుకుపోయి కొట్టంలో పెట్టి వచ్చింది, నాకు అందనంత ఎత్తులో.