అల్బుమిన్ మీద నా ఫిర్యాదు

శింగనమల బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి నేను సీటు పట్టుకుంటే, ఆ తువ్వాలు తీసి కింద పడేసి ఒకడు కూర్చున్నాడు. ఏళ్లు గడిచినా వాడి ముఖం మరిచిపోలేదు. అల్బుమిన్‌ను కూడా మరిచిపోను.

అల్బుమిన్ అంటే రక్తంలో ఉండే ఒక ప్రొటీన్. నా గొంతులో క్యాన్సర్ గడ్డకు అనంతపురంలో ప్లాటినం మందు ఎక్కిస్తున్నారు. మొదటిరోజే డాక్టరమ్మను అడిగాను, మందంతా గడ్డకే పోతుందా అని.

"యాడ పోతాదన్నా? రక్తం బస్సు అనుకో. మందులో శానా భాగం ఎక్కినాక అల్బుమిన్ సీట్లు పట్టుకొని కూచుంటాది. ఇంక లేవదు. నిలబడిందే గడ్డ కాడ దిగి పని చేసేది."

ప్లాటినం! దాన్ని నా ఉప్పు తిన్న నా రక్తమే కూర్చోబెట్టుకుంటోంది. పైగా నర్సు చెప్పింది, "రోజూ గుడ్లు తినన్నా, అల్బుమిన్ తగ్గకూడదు" అని. దొంగకు నేనే మేత వేయాలట.

గుడ్లు మానేశాను. పప్పు, చెనిక్కాయలు కూడా. సీట్లే లేకపోతే అందరూ నిలబడాలి, అందరూ గడ్డ దగ్గర దిగాలి. నా భార్య గుడ్డు ఉడకబెట్టి పెడితే గిన్నె వెనక్కి తోసేవాణ్ని.

"ఎవరి మీదప్పా నీ కోపం?"

"అల్బుమిన్ మీద."

"అదెవరు? మనూరోళ్లేనా?"

రెండోసారి పోయేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ, అల్బుమిన్ బాగా పడిపోయింది, ఇప్పుడు మందు ఎక్కించనంది. గడ్డ నా కోసం ఆగుతుందా? అప్పుడు భయమేసింది. అయినా నా లెక్క విప్పి చెప్పాను.

ఆమె తల పట్టుకుంది. "నిలబడినోళ్లంతా గడ్డ కాడే దిగుతారని ఎవరు చెప్పినారన్నా? నీ కిడ్నీల కాడా దిగుతారు. సీట్లు పీకేసిన బస్సు డిపో దాటుతాదా?"

ఈ ముక్క మొదటిరోజే చెప్పి ఉండాలి. చెప్పలేదు. అదీ గుర్తు పెట్టుకున్నాను.

అల్బుమిన్‌ను తిట్టుకుంటూనే గుడ్లు తిన్నాను. వాపు దిగింది. మందు ఎక్కిస్తామని పిలిచారు. ఆ పొద్దున ఫ్యాను కింద కుర్చీ మీద తువ్వాలు వేసి, పరీక్షకు రక్తం ఇవ్వడానికి పోయాను. వచ్చేసరికి తువ్వాలు నేల మీద ఉంది. కుర్చీలో ఒక పెద్దాయన, చేతికి సెలైన్.

"లేవప్పా, అది నా సీటు."

"సూది గుచ్చినాక యాడ లేచేది?" అన్నాడాయన, కళ్లు కూడా తెరవకుండా.

నన్ను తలుపు పక్కన ఎండలో కూర్చోబెట్టారు. మందు చుక్క చుక్కగా దిగుతున్నంతసేపూ ఆయన ముఖం బాగా చూసి పెట్టుకున్నాను.